లాస్ట్ బాయ్స్ ఆఫ్ సూడాన్

సూడాన్ రెండో అంతర్యుద్ధం (1983–2005) రోజుల్లో ఇల్లూ వాకిలీ, కన్నవాళ్ళూ దూరమై, కాలినడకన ఇథియోపియాకూ ఆ తర్వాత కెన్యాకూ చేరిన సుమారు 20,000 మంది పిల్లలను ‘లాస్ట్ బాయ్స్ ఆఫ్ సూడాన్’ అంటారు. ఎక్కువమంది దింకా, నూయెర్ తెగల మగపిల్లలు. పీటర్ పాన్ కథలోని పిల్లల పేరును సహాయ సంస్థల సిబ్బంది, విలేకరులు వీరికి తగిలించారు. 2001 ప్రాంతంలో వీరిలో 3,800 మంది దాకా అమెరికాలో స్థిరపడ్డారు.

ఊళ్ళు వదిలిన తీరు

1983లో అధ్యక్షుడు జాఫర్ నిమైరీ దక్షిణ ప్రాంతపు స్వయంపాలనను రద్దుచేసి, షరియా చట్టాన్ని ప్రకటించాడు. జాన్ గరాంగ్ నాయకత్వంలో సూడాన్ ప్రజా విమోచన సైన్యం (ఎస్‌పీఎల్‌ఏ) తిరగబడింది. తిరుగుబాటుదారులకు అండగా ఉన్నాయన్న కసితో దింకా పల్లెల మీద ప్రభుత్వ సేనలూ, గుర్రాలపై వచ్చే మురాహలీన్ ముఠాలూ విరుచుకుపడ్డాయి. గుడిసెలు తగలబెట్టారు, మగవాళ్ళను చంపారు, ఆడవాళ్ళనూ పిల్లలనూ బానిసలుగా పట్టుకుపోయారు.

బతికి బయటపడ్డవాళ్ళలో మగపిల్లలే అంతమంది ఉండడానికి పెద్ద కారణం పశువుల కాపలా. దింకాలకు ఆవులే ఆస్తి, ఆవులే పరువు. ఎండలు ముదిరితే నీరూ పచ్చికా ఉన్న చోటికి మందలను తోలుకుపోయి నెలల తరబడి అక్కడే ఉంటారు. ఆ పనిలో పిల్లలది పెద్ద పాలు. ఊరి మీద దాడి జరిగిన వేళ చాలామంది మందల దగ్గర ఉన్నారు. వెనక్కి వెళ్ళడానికి ఊరే లేకపోయింది.

అందరిదీ ఇదే కథ అనుకోకూడదు. చదువు చెప్పిస్తామని ఎస్‌పీఎల్‌ఏ కూడా కొందరు పిల్లలను కుటుంబాల నుంచి తీసుకువెళ్ళింది. ఇథియోపియా శిబిరాల్లో చాలామందికి తుపాకీ పట్టడం నేర్పి, కొందరిని యుద్ధంలోకి దించింది. వీరి గురించి వచ్చిన కథనాల్లో చాలావరకు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తాయి.

1987 నుంచి గుంపులు గుంపులుగా తూర్పు దిక్కుకు నడిచారు. విమానాల భయంతో రాత్రి వేళే ప్రయాణం. ఆకలి, దాహం, సింహాలు దారిలోనే ఎందరినో పొట్టనపెట్టుకున్నాయి. ఇథియోపియాలోని గాంబెల్లా ప్రాంతంలో ఉన్న పిన్యుడో, ఇటాంగ్ శిబిరాల్లో నాలుగేళ్ళు గడిచాయి. పిన్యుడోలో బడి అంటే చెట్టు నీడ. పలక అంటే నేల. దుమ్ములో వేలితో అక్షరాలు దిద్దారు.

1991 మే నెలలో ఇథియోపియాలో మెంగిస్టు ప్రభుత్వం కూలిపోగానే శరణార్థులను తుపాకులతో తరిమారు. వానలకు పొంగిన గీలో నదిలోకి ఈత రాని పిల్లలు కూడా దూకారు. మునిగిపోయినవాళ్ళు, తూటాలకు బలైనవాళ్ళు, మొసళ్ళ నోట పడ్డవాళ్ళు ఎందరో సరైన లెక్క లేదు. మిగిలినవారు మళ్ళీ సూడాన్‌లోని పొచాలా మీదుగా నడిచి, 1992లో కెన్యా వాయవ్య మూలన ఉన్న కకుమా చేరారు.

కకుమాలో

తుర్కానా ఎడారి నేలలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ నడిపిన ఈ శిబిరంలో చాలామంది తొమ్మిదేళ్ళు ఉన్నారు. రేషన్‌గా మొక్కజొన్న, చిక్కుడు గింజలు, నూనె ఇచ్చేవారు. కార్డు మీద వచ్చిన సరుకు మళ్ళీ ఇచ్చే రోజు దాకా సరిపోవాలంటే రోజుకు ఒక్కపూటే తినాలి. దింకా మగవాడు వంట జోలికి పోడు. ఇక్కడ నలుగురైదుగురు ఒక గుడిసెలో చేరి వంతులవారీగా వండుకున్నారు. విద్యే తల్లీ తండ్రీ అన్న మాట వాళ్ళ మధ్య సామెతలా తిరిగింది.

పుట్టినరోజు తెలిసినవాళ్ళు అరుదు. చూపులకు తోచిన వయసునే అధికారులు రాసుకున్నారు. ఎక్కువమందికి జనవరి 1 పుట్టినరోజైంది. ఆ అంచనాయే తర్వాత తలరాతైంది. అమెరికాలో పద్దెనిమిది నిండనివారికి పెంపుడు కుటుంబం, హైస్కూలు దొరికాయి. నిండాయని రాసి ఉన్నవారికి అద్దె గది, కొన్ని నెలల సాయం, ఆపైన ఉద్యోగం. కలిసి నడిచిన ఇద్దరిలో ఒకడు బడికీ ఒకడు రాత్రి షిఫ్టుకూ వెళ్ళడానికి ఒక్కోసారి ఆ అంకె తప్ప వేరే కారణం లేదు.

ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. ఆచారం ప్రకారం వాళ్ళను శిబిరంలోని కుటుంబాలకు అప్పగించారు. దాంతో కాగితాల్లో ‘దిక్కులేని పిల్లలు’గా వాళ్ళ పేర్లు ఎక్కలేదు. ఇంటిచాకిరీకి చేయి ఆసరా, పెళ్ళి చేస్తే కన్యాశుల్కం. అట్టేపెట్టుకున్న ఇళ్ళకు వాళ్ళను వదులుకోవాలన్న తొందరేమీ లేదు. అమెరికాలో స్థిరపరిచే పథకంలో చోటు దొరికిన ఆడపిల్లలు 89 మందే.

అమెరికాలో

2000 చివర్లో విమానాలు మొదలయ్యాయి. వైద్య పరీక్షల ఎక్స్‌రేలూ ప్రయాణ పత్రాలూ ఉన్న తెల్లటి ప్లాస్టిక్ సంచి ఒక్కటే చాలామంది సామాను. ఫీనిక్స్, అట్లాంటా, సిరక్యూస్, ఫార్గో వంటి ఊళ్ళలో దిగారు. టికెట్ డబ్బు అప్పు, వాయిదాల్లో తీర్చాలి. మాంసం కర్మాగారాల్లో, గిడ్డంగుల్లో, హోటళ్ళలో పని చేస్తూనే చదువుకున్నారు. వెనకున్న బంధువుల ఖర్చులూ వీరి జీతాల మీదే పడ్డాయి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత శరణార్థుల రాక కొంతకాలం నిలిచిపోవడంతో ఇంకా ఎందరో కకుమాలోనే ఆగిపోయారు.

ఆరేళ్ళప్పుడు చర్చి నుంచి అపహరణకు గురైన లోపెజ్ లొమాంగ్, 2000 ఒలింపిక్స్‌లో మైకేల్ జాన్సన్ పరుగును కకుమా దగ్గర ఐదు షిల్లింగులిచ్చి నలుపు-తెలుపు టీవీలో చూశాడు. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పెంపుడు కుటుంబంలో పెరిగి పరుగుపందెగాడయ్యాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో అమెరికా జెండా పట్టుకున్నది అతడే. సల్వా దుత్ 2003లో దక్షిణ సూడాన్‌లో బోర్లు వేయించే సంస్థను స్థాపించాడు. వాలెంటినో అచాక్ డెంగ్ జీవితం ఆధారంగా డేవ్ ఎగ్గర్స్ 2006లో ‘వాట్ ఈజ్ ద వాట్’ నవల రాశాడు. డెంగ్ సొంత ఊరు మరియల్ బాయ్‌లో హైస్కూలు పెట్టాడు. ఈ ముగ్గురి పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి గానీ, అధిక సంఖ్యాకులు గంటల కూలీతో సంసారాలు ఈదుతున్న మామూలు మనుషులు.

2005 శాంతి ఒప్పందం, 2011 జనవరి ప్రజాభిప్రాయ సేకరణల తర్వాత ఆ ఏడాది జులై 9న దక్షిణ సూడాన్ స్వతంత్ర దేశమైంది. 2013 డిసెంబరులో అధ్యక్షుడు సల్వా కీర్, మాజీ ఉపాధ్యక్షుడు రీక్ మచార్ వర్గాల మధ్య మళ్ళీ యుద్ధం మొదలైంది. కొత్తగా వచ్చిన పిల్లలతో కకుమా నిండిపోయింది. వారికోసం 2016లో పక్కనే కాలోబెయెయి అనే మరో ఆవాసాన్ని తెరిచారు.