‘నిగూఢ’ గాయం: ఒక వైద్య విశేషణం చరిత్ర

స్త్రీలలో మలనియంత్రణ లోపానికి కారణం వెదుకుతూ ఆధునిక వైద్యం ఒక విశేషణాన్ని వాడుకలోకి తెచ్చి, పదమూడేళ్ళ పాటు దాన్ని నమ్మి, చివరకు తానే దాన్ని శంకించింది. ఇంగ్లీషులో అది ‘అకల్ట్’. తెలుగులో ‘నిగూఢ’ అనవచ్చు. ప్రసవ సమయంలో మలద్వార కండరం చిరిగినా పైకి తెలియని గాయానికి ఆ పేరు వచ్చింది. గాయం నిజంగా దాగి ఉన్నదా, లేక చూడవలసినవారు చూడలేదా అన్నది కేవలం పదార్థ చర్చ కాదు. బాధ్యత ఎవరిదన్నది కూడా దానిమీదనే ఆధారపడి ఉంది.

మలద్వారాన్ని మూసి ఉంచేవి రెండు వలయ కండరాలు. లోపలిది మనిషి ఇచ్ఛతో నిమిత్తం లేకుండా బిగిసి ఉంటుంది. బయటిది అవసరం వచ్చినప్పుడు మనిషి బిగించగలిగేది. ఈ రెంటినీ పైనుంచి ఆదుకొనేది కటి అడుగున పరచుకొని ఉన్న కండరాల పొర, అంటే కటితలం. యోనికీ మలద్వారానికీ నడుమ ఉన్న ఎడం చాలా తక్కువ. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు చిరుగు వెనుకకు సాగితే ముందు దెబ్బతినేది బయటి వలయం, ఆ తరువాత లోపలిది.

ఈ చరిత్రలో ప్రధాన ఘట్టాలు చాలావరకు లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రితో ముడిపడినవి. 1835లో ఫ్రెడరిక్ సామన్ ఏడు పడకలతో, పేదల కోసం, మలద్వార వ్యాధులకే ప్రత్యేకించి దాన్ని స్థాపించాడు. అక్కడి శస్త్రవైద్యుడు అలన్ పార్క్స్, నాడీవైద్యుడు మైకేల్ స్వాష్ మొదలైనవారు 1977లో ప్రకటించిన పరిశోధన ఆనాటి ఆలోచనకు దిశ చూపింది. నియంత్రణ కోల్పోయినవారి కండరాల ముక్కలను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ఆ కండరాలకు నాడుల సంబంధం తెగిపోయిందని వారు చూపారు. 1984లో స్నూక్స్, స్వాష్ తదితరులు ఆ నాడీహానికి ప్రసవంతో సంబంధం ఉన్నదని నిరూపించారు. ఇది చిన్న విజయం కాదు. వయసు మీద పడడమే కారణమన్న సమాధానం నుంచి ప్రసవం దాకా కారణం వెనక్కు నడిచింది. అయితే నాడిని చూడగల పరికరం నాడినే చూపింది. కండరం చిరిగి ఉండవచ్చునన్న అనుమానం బయటికి కనిపించే పెద్ద గాయాలకే పరిమితమైంది.

1989లో లా, బార్ట్రమ్ అనే ఇద్దరు మలద్వారంలోకి ప్రవేశపెట్టగల అల్ట్రాసౌండ్ పద్ధతిని వివరించడంతో ఈ స్థితి మారింది. రెండు వలయాలూ తెరమీద వేరువేరుగా కనిపించాయి. ఆ పరికరంతో అబ్దుల్ సుల్తాన్ బృందం 202 మంది గర్భవతులను ప్రసవానికి ముందు పరీక్షించింది. ప్రసవమైన ఆరు వారాలకు వారిలో 150 మందిని తిరిగి పరీక్షించింది. ఫలితాలు 1993లో అచ్చయ్యాయి. తొలిసారి సహజ ప్రసవమైన 79 మందిలో 28 మందికి, అంటే 35 శాతానికి, వలయ కండరంలో లోపం కనిపించింది. ప్రసవానికి ముందు వారిలో ఎవరికీ అది లేదు. పట్టుకారు, అంటే ఫోర్సెప్స్, వేసి ప్రసవం చేసిన పదిమందిలో ఎనిమిదిమందికి ఉంది. ఆ 79 మందిలో పదిమంది మలం గాని వాయువు గాని ఆపుకోలేకపోవడమో, తొందర పుట్టి నిలవలేకపోవడమో చెప్పారు. ‘నిగూఢ’ విశేషణానికి ప్రాచుర్యం ఇక్కడ మొదలైంది. చర్మం చెక్కుచెదరకుండా ఉండి లోపలి కండరం తెగిందనీ, యంత్రం తప్ప కన్నూ చేయీ దాన్ని పట్టలేవనీ ఆ మాట అర్థం ఇచ్చింది. పురిటి గదిలో గాయాన్ని గుర్తించనివారికి అది తెలియకుండానే ఊరట కూడా అయింది.

2006లో సుల్తాన్ స్వయంగా భాగస్వామిగా ఉన్న మరొక పరిశోధన ఈ ఊరటను తొలగించింది. తన పదానికి తానే పరీక్ష పెట్టుకొన్న పరిశోధకులు వైద్యచరిత్రలో తరచుగా కనిపించరు. 241 మంది స్త్రీలను కాన్పు చేసినవారు పరీక్షించిన తరువాత, కుట్లు వేయకముందే, శిక్షణ పొందిన వైద్యురాలు మళ్ళీ పరీక్షించింది. మలద్వార కండర గాయాలున్నవారి సంఖ్య 11 శాతం నుంచి 24.5 శాతానికి పెరిగింది. చేతి పరీక్షకు దొరకక అల్ట్రాసౌండుకు మాత్రమే కనిపించినవి 1.2 శాతం. అంటే దాగి ఉన్నాయనుకొన్న గాయాలలో అత్యధికం దాగి లేవు. వాటికి కావలసింది యంత్రం కాదు, తొడుగు వేసిన వేలు, సరైన వెలుతురు, ఏమి వెదకాలో తెలిసిన శిక్షణ.

చికిత్స చరిత్ర ఇంత స్పష్టంగా సాగలేదు. తెగిన వలయం కొసలను ఒకదానిపై ఒకటి చేర్చి కుట్టే శస్త్రచికిత్స కొంతకాలం తిరుగులేనిదిగా కనిపించింది. కాని కనీసం ఐదేళ్ళు గడిచాక రోగులను తిరిగి పలకరించి 2000లో ప్రకటించిన సెయింట్ మార్క్స్ పరిశీలనలో, పలువురికి మేలు జరిగినా మలంపైనా వాయువుపైనా పూర్తి పట్టు ఎవరికీ నిలవలేదని తేలింది. కటితల వ్యాయామాన్ని అమెరికన్ వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే క్రమబద్ధం చేశాడు గాని ఆయన దృష్టి ముఖ్యంగా మూత్రం మీదనే. ఆ వ్యాయామాన్ని, బిగింపును తెరమీద చూపే యంత్ర శిక్షణను 171 మందిపై పోల్చి చూసిన క్రిస్టీన్ నార్టన్ బృందం (2003) ఆసక్తికరమైన ఫలితం ప్రకటించింది. నర్సు కూర్చొని విని, ఆహారం గురించీ అలవాట్ల గురించీ వివరించిన వర్గం కంటే యంత్రంతో శిక్షణ పొందిన వర్గం ముందంజ వేయలేదు. అన్ని వర్గాలకూ మేలు జరిగింది.

వినడానికి ముందు చెప్పడం ఉండాలి. ఇక్కడే తెలుగు భాషా విషయం ఎదురవుతుంది. సుశ్రుత సంహిత గుదభ్రంశాన్ని క్షుద్రరోగాలలో చేర్చి, ముక్కడం, అతిసారం దానికి కారణాలన్నది. రంధ్రమున్న తోలుతో కట్టు కట్టమని చికిత్స కూడా చెప్పింది. అది కంటికి కనిపించే జారుడు. ఇళ్ళలో ‘గర్భసంచి జారింది’ అన్న మాట ఈనాటికీ స్త్రీల నోట నిస్సంకోచంగా వినిపిస్తుంది. జారిన అవయవానికి ఇలా పేరు దొరికింది. కోల్పోయిన పట్టుకు దొరికింది ‘ఆగడం లేదు’ అన్న క్రియ మాత్రమే. కర్త లేని ఆ వాక్యంలో ఆగనిది మూత్రమా మలమా అన్నది తేలదు. అడిగేవారు రెండో ప్రశ్న వేయకపోతే అది మూత్రంగానే నమోదయ్యే అవకాశం ఎక్కువ.

పారిభాషిక పదకర్తలు ‘అకల్ట్’కు ‘నిగూఢ’ను గాని ‘గుప్త’ను గాని సమానార్థకంగా స్వీకరించేటప్పుడు 2006 నాటి ఫలితాన్ని పట్టించుకోవలసి ఉంటుంది. ఈ రెండు మాటలూ దాగడాన్ని గాయం స్వభావంగా చెబుతాయి. యంత్రానికి మాత్రమే దొరికే ఆ 1.2 శాతానికి ‘నిగూఢ’ సరిపోతుంది. మిగిలినవాటికి ‘గుర్తించని గాయం’ అన్న పదబంధం ఎక్కువ సమంజసం. సకర్మక క్రియ నుంచి పుట్టిన విశేషణం గనుక, గుర్తించనిది ఎవరన్న ప్రశ్న అందులోనే ఉంది.