పాల దగ్గర వచ్చిన తగవు

చిలుకూరు అనగానే హైదరాబాద్ వాళ్లకు వీసా బాలాజీ గుర్తొస్తాడు. మాది ఆ చిలుకూరు కాదు. సూర్యాపేట జిల్లాలో, కోదాడ నుంచి హుజూర్‌నగర్ వైపు వెళ్తుంటే వచ్చే చిలుకూరు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, వరి పొలాలు, ఇంటి వెనక బర్రె. అలాంటి ఊళ్లో పుట్టిన మా మేనకోడలు పాలు, పెరుగు, నెయ్యి, తేనె అన్నీ మానేసింది. కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేటల్లో తనలాంటి వాళ్లను పోగుచేసి వీగన్ల సంఘం ఒకటి పెట్టింది. "బళ్లో అన్నేళ్లు చరిత్ర చెప్పావు గదా మామయ్యా, మాకు నియమాలు రాసిపెట్టు" అంది. ఎవరిని చేర్చుకోవాలి? మాట తప్పినవాణ్ని ఏం చేయాలి? పాలు తాగేవాణ్ని రానివ్వాలా? మాంసం ఊసు వాళ్లలో ఎవరూ ఎత్తలేదు. పంచాయితీ అంతా పాల దగ్గరే. పాత సంగతులు తిరగేస్తే, ఇది నిన్నమొన్నటి పంచాయితీ కాదని తేలింది.

ముందు మా జిల్లా దేవుడి సంగతి. కోదాడలో సూర్యాపేట బస్సెక్కితే, ఊరు ఇంకా రాకముందే జాతీయ రహదారి పక్కన దురాజ్‌పల్లి గుట్ట వస్తుంది. మేం పెద్దగట్టు అంటాం. రెండేళ్లకోసారి అక్కడ లింగమంతుల స్వామి జాతర. ఆ రోజుల్లో హైదరాబాద్, విజయవాడ బండ్లను మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల మీదుగా మళ్లిస్తారు. దాంతో జాతరకు పోనివాడికి కూడా జాతర వచ్చిందని హారన్ల మోతతోనే తెలిసిపోతుంది. కేసారం నుంచి దేవరపెట్టె కదులుతుంది. యాదవులు గజ్జెల లాగులు కట్టుకొని, భేరీలు మోగిస్తూ, "ఓ లింగా" అని కేకలేస్తూ గట్టెక్కుతారు. వాళ్లతోపాటే బోనాలూ ఎక్కుతాయి, యాటలూ ఎక్కుతాయి.

అయితే స్వామి మాంసం ముట్టడు. యాట ఆయనకు కాదు, ఆయన తోబుట్టువు చౌడమ్మకు. ఒక్క గట్టు మీద ఇద్దరూ ఉంటారు, ఒక్క జనమే ఇద్దరికీ మొక్కుతారు. ఇంటికి పోయి ఏం వండుకుంటావని స్వామి గుడి ముందు ఎవరూ నిలదీయరు. ఆయన ముందు ఏం పెడుతున్నావన్నదే లెక్క. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. కాగితం మీద రాసిన నియమం మాత్రం వేరే ఉంది. గుళ్లలో, గుడి ఆవరణల్లో జంతుబలి కూడదన్న చట్టం 1950 నాటిది. చట్టం ఉంది, యాటా ఎక్కుతూనే ఉంది. తమిళనాడులో అదే ఏడాది నాటి చట్టాన్ని 2003లో గట్టిగా అమలు చేయబోయి, జనం తిరగబడితే మరుసటి ఏడాదే రద్దు చేసుకున్నారు.

ఇంతా చేసి, మంద కాసేవాళ్ల దేవుడు పాలు మానేస్తాడా? మా మేనకోడలి లెక్కన చూస్తే లింగమంతుల స్వామికే సంఘంలో సభ్యత్వం రాదు. ఈ మాట అంటే దానికి కోపం వచ్చింది.

ఈ పాల తగవు ఎంత పాతదో తెలియాలంటే కృష్ణ ఒడ్డుకు పోదాం. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలాన బౌద్ధం ఒక్క ముద్దగా లేదు. బహుశ్రుతీయులకు ఒక విహారం, అపరమహావినసేలియులకు ఒకటి, సింహళ భిక్షువులకు ఇంకొకటి. వనవాసి రాజును పెళ్లాడిన ఇక్ష్వాకుల ఆడపడుచు కొడబలిసిరి మహిశాసకులకు ఒకటి కట్టించింది. ఆ శాఖ నియమాల పుస్తకం, అంటే వినయం, మన దేశంలో మిగల్లేదు. చైనా యాత్రికుడు ఫాహియాన్ సింహళంలో ఒక ప్రతి సంపాదించి చైనాకు పట్టుకుపోయాడు. 5వ శతాబ్దంలో చేసిన ఆ చైనా అనువాదమే ఇవాళ మనకు దిక్కు. ఎక్కడి కొడబలిసిరి, ఎక్కడి చైనా!

అందులో దేవదత్తుడి కథ ఉంది. బుద్ధుడికి దాయాది. సంఘం మెత్తబడిపోయిందని, నియమాలు బిగించాలని పట్టుబట్టినవాడు. పాలి వినయంలో అతడి అయిదు కోరికలు ఇవి: జీవితాంతం అడవిలోనే ఉండాలి, బిచ్చమెత్తుకునే తినాలి, పేలికలే కట్టాలి, చెట్టు కిందే పడుకోవాలి, చేపలూ మాంసమూ తినకూడదు. మహిశాసకుల పుస్తకంలో మాత్రం ఉప్పు వద్దు, నెయ్యీ పాలూ వద్దు అన్నవి కూడా చేరాయి. బుద్ధుడు ఒప్పుకోలేదు. పాలి గ్రంథం చెప్పేదేమిటంటే, అడవిలో ఉంటానన్నవాడు ఉండొచ్చు, ఊరి దగ్గర ఉంటానన్నవాడూ ఉండొచ్చు. మాంసం మాటకొస్తే, తన కోసం చంపారని చూడకుండా, వినకుండా, అనుమానం లేకుండా ఉంటే భిక్షువు పుచ్చుకోవచ్చు. అయినా ఏనుగు, గుర్రం, కుక్క, పాము, పులి లాంటి పది రకాలు పూర్తిగా నిషేధం. దేవదత్తుడు తన వాళ్లను తీసుకొని విడిపోయాడు.

బౌద్ధ కథలు చాలావరకు అతణ్ని దుర్మార్గుణ్ని చేశాయి. కానీ అతడి మాట అంత తొందరగా చావలేదు. 7వ శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ బెంగాల్లోని కర్ణసువర్ణకు పోతే, అక్కడ మూడు విహారాల్లో దేవదత్తుడి మాట ప్రకారం పాలు, పెరుగు ముట్టని భిక్షువులు కనిపించారు. అప్పటికి వెయ్యేళ్లు దాటింది. మా మేనకోడలికి పూర్వీకులు ఎక్కడైనా ఉన్నారంటే అక్కడున్నారు.

శిక్షల సంగతి కూడా వినయంలో చూడదగ్గదే. చాలా నియమాలకు ముందు ఒక గొడవ ఉంటుంది. ఫలానావాడు ఫలానా పని చేశాడు, జనం ఛీ అన్నారు, అప్పుడు నియమం పుట్టింది. ఊహించి ముందే రాసినవి తక్కువ. అమావాస్యకూ పున్నానికీ అందరూ కూర్చుని అన్నీ వల్లెవేయాలి. సంఘం మీద అభాండం వేసిన గృహస్థుకు వేసే శిక్ష పేరు పాత్ర బోర్లించడం. అంటే అతడి ఇంట భిక్ష పుచ్చుకోరు, అంతే. తిట్టరు, కొట్టరు. వడ్ఢుడనే లిచ్ఛవి మీద ఈ శిక్ష పడింది. తప్పు ఒప్పుకొని వచ్చాక పాత్ర మళ్లీ వెల్లకిలా తిప్పారు. వెలి వేసే పద్ధతితోపాటు తిరిగి కలుపుకునే పద్ధతి కూడా అక్కడే రాసిపెట్టుకున్నారన్న మాట. మన కులపంచాయతీల వెలికి ఈ రెండో సగం చాలాచోట్ల ఉండేది కాదు, ఉన్నా తప్పు కట్టించుకొని గాని కలుపుకునేవాళ్లు కాదు.

లండన్ ముచ్చట కొద్దిగా చెప్పి ఆపుతాను. 1891లో అక్కడి శాకాహార సంఘం నుంచి డాక్టర్ అల్లిన్సన్‌ను తీసేయాలని అధ్యక్షుడు హిల్స్ పట్టుబట్టాడు. కారణం తిండి కాదు, ఆయన సంతాన నిరోధాన్ని సమర్థించడం. కార్యవర్గంలో ఉన్న కుర్ర గాంధీకి అల్లిన్సన్ అభిప్రాయం నచ్చలేదు. అయినా శాకాహార సంఘానికి దాంతో పనేమిటని రాసుకొచ్చాడు. సిగ్గుతో నోరు పెగల్లేదు, అధ్యక్షుడే దాన్ని ఇంకొకరితో చదివించాడు. గాంధీ పక్షం ఓడిపోయింది. 1944లో బ్రిటన్‌లోనే డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు, పాలు మానిన శాకాహారులకు పత్రికలో కొంచెం చోటిమ్మని ఇంకో శాకాహార సంఘాన్ని అడిగారు. కాదన్నారు. ఆ నవంబర్‌లోనే వీగన్ల సంఘం వేరుపడింది. అదీ పాల దగ్గరే. తమ సిద్ధాంతానికి సరైన నిర్వచనమే లేదని ఆ సంఘంలోని లెస్లీ క్రాస్ గుర్తుచేసింది 1949లో, అంటే సంఘం పుట్టిన అయిదేళ్లకు.

ఇవన్నీ మా మేనకోడలికి చదివి వినిపించి, మూడు నియమాలు రాసిచ్చాను. సమావేశానికి తెచ్చే తిండిలో జంతువుల నుంచి వచ్చిందేదీ ఉండకూడదు. ఇంట్లో ఏం తింటారో అడగకూడదు. బయటికి పంపాల్సి వస్తే, మళ్లీ రావడానికి దారి ఏమిటో ఆ పూటే చెప్పాలి. మొదటిదీ మూడోదీ ఉంచి, రెండోది కొట్టేసింది. "నువ్వు దేవదత్తుడివే" అన్నాను. "అయితే అయ్యాను" అంది. వచ్చే ఆదివారం కోదాడలో మళ్లీ కూర్చుంటున్నారట. సంఘంలో ఇద్దరికి ఇంట్లో బర్రెలున్నాయి, వాళ్ల సంగతి ముందు తేలాలి.