మధ్యవర్తికి బడి ఎప్పుడు?

భూముల బేరంలో మధ్యవర్తి పాతకాపే. అతని చదువే కొత్తది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఏజెంటు బాధ్యతలకు ఏకంగా ఒక అధ్యాయం కేటాయించింది. 1882లో ఆస్తి బదలాయింపు చట్టం, 1908లో రిజిస్ట్రేషన్ చట్టం వచ్చాయి. అయినా మధ్యవర్తిని వీటిలో ఒక్క పేజీ చదవమని ఎవరూ అడగలేదు. కరణంతో చనువు, నలుగురితో పరిచయం ఉంటే సరిపోయేది. దస్తావేజు లేఖరి రాసేవాడు, రికార్డు కరణం చూసేవాడు, తగవొస్తే పెద్దమనుషులుండేవారు.

ఈ వృత్తికి లైసెన్సు ఉండాలన్న పట్టుదల అమెరికాలో ముందు కనబడింది. కాలిఫోర్నియా 1917లో చట్టం చేస్తే కోర్టు కొట్టేసింది. 1919లో మళ్లీ చేసుకుంది. ఆ తర్వాతి కథ అంత గొప్పదేం కాదు. 1924లో అక్కడి ఏజెంట్ల జాతీయ సంఘం రాసుకున్న నీతినియమావళి, ఫలానా జాతివాళ్లను ఫలానా పేటల్లోకి తేవద్దని ఏజెంట్లకు చెప్పింది. అంటే నీతి పేరిట నేర్పిందే వివక్ష. 1950లో ఆ మాట తీసేశారు. 1968లో గృహవసతి వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ పాపానికి సంఘం క్షమాపణ చెప్పింది మాత్రం 2020లో.

ఇప్పుడక్కడ లైసెన్సు రెన్యువల్ కావాలంటే కాలిఫోర్నియాలో నాలుగేళ్లకు 45 గంటలు, టెక్సాస్‌లో రెండేళ్లకు 18 గంటలు చదవాలి. డాలస్‌లో ఇళ్లు అమ్మే మన తెలుగువాళ్లకూ ఇది తప్పదు. గంటలు నిండినంత మాత్రాన బుద్ధి మారుతుందా? న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో న్యూస్‌డే పత్రిక మనుషుల్ని కొనుగోలుదారుల్లా పంపి చూసింది. 2019లో అచ్చయిన ఆ కథనాలు తెల్లవారికి ఒక మాట, నల్లవారికి ఒక మాట చెబుతున్న ఏజెంట్లను పట్టిచ్చాయి. వాళ్లూ తరగతులకు హాజరు వేయించుకున్నవాళ్లే.

మన సంగతికొస్తే, హైదరాబాద్ మీడియేటర్‌కు గత యాభై ఏళ్లలో సిలబస్ మారినన్నిసార్లు ఏ విద్యార్థికీ మారలేదు. 1976లో అర్బన్ ల్యాండ్ సీలింగ్ వచ్చింది. కేంద్రం 1999లో దాన్ని రద్దు చేసినా మన దగ్గర 2008 దాకా నడిచింది. 1977లో ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డ్ భూముల అమ్మకం నిషేధిస్తూ చట్టం చేశారు. అలాంటి భూమికి గుర్తుగా తెలంగాణలో లావణి పట్టా, రాయలసీమలో డీకేటీ పట్టా అనే మాట కాగితంలో కనబడితే అక్కడే ఆగిపోవాలి. ఆగకుండా టోకెన్ అడ్వాన్సు ఇప్పించిన బేరాలు ఎన్ని కోర్టుల పాలయ్యాయో! 1996లో 111 జీవో గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలకు కళ్లెం వేసింది. 2022లో 69 జీవోతో ఆ కళ్లెం వదులుతామన్నారు. భూమి రికార్డులకు 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చాయి. ఈ మధ్యలో 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాకే సగం నగరానికి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తి నీటిమట్టం), బఫర్ జోన్ అనే మాటలు తెలిశాయి. అప్పటిదాకా బ్రోచర్‌లో ‘లేక్ వ్యూ’ అని రాసి ఉంటే గజానికి రేటు పెంచి చెప్పేవాళ్లు. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయని అడిగిన ఏజెంటు అరుదు. ఇవన్నీ అతనికి ఎవరు నేర్పారు? దెబ్బతిన్న కస్టమర్లే నేర్పారు. ఫీజు కూడా వాళ్లే కట్టారు.

2016లో స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం వచ్చి మన దగ్గర ఏజెంటును రిజిస్టరులోకి ఎక్కించింది. 9వ సెక్షన్ కింద నమోదు లేనిదే అమ్మకానికి మధ్యవర్తిత్వం చేయకూడదు. 10వ సెక్షన్ ప్రకారం నమోదు కాని ప్రాజెక్టును అమ్మిపెట్టకూడదు. తప్పితే రోజుకు 10 వేలు, ఫ్లాటు విలువలో 5 శాతం దాకా జరిమానా. బాగుంది. కానీ ఆ నమోదుకు చట్టం అడిగినవి ఫీజు, కాగితాలు. పరీక్ష ఊసే లేదు. ‘ప్రీ లాంచ్’ పేరుతో అనుమతులు రాని అపార్టుమెంట్లను అమ్మిపెట్టినవాళ్లు నిబంధన తెలియక అమ్మారా, తెలిసే అమ్మారా అన్నది వేరే సంగతి. నాకైతే రెండోదే నిజమనిపిస్తుంది. పరీక్ష పాసయినవాడికి తెలియదని తప్పించుకునే వీలైనా ఉండదు కదా!

ఆ లోటు పూడ్చింది మహారాష్ట్ర. అక్కడి రెరా సంస్థ 2023 జనవరిలో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. అదే ఏడాది మేలో తొలి పరీక్ష జరిగింది. గడువులోగా సర్టిఫికెట్ చూపని సుమారు 20 వేల మంది ఏజెంట్ల నమోదును 2024 జనవరిలో నిలిపేసింది. నోటీసులతో సరిపెట్టకుండా అంతదూరం వెళ్లడం మెచ్చుకోదగ్గదే. అయితే ఒకసారి పాసైతే చాలదు. ఏటా జీవోలు మారే చోట చదువూ సాగుతూనే ఉండాలి.

రెరా చట్టం 37వ సెక్షన్ కింద ఏజెంట్లకు ఆదేశాలిచ్చే అధికారం మన రెండు తెలుగు రాష్ట్రాల రెరా సంస్థలకూ ఉంది. దాన్ని వాడి తెలుగులో పాఠాలు, తెలుగులో పరీక్ష పెట్టాలి. ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు వచ్చేవాణ్ని కొత్త చట్టాలపై మళ్లీ పరీక్షించాలి. ఈలోగా కొనేవాళ్లు సైట్ విజిట్ కారెక్కే ముందు ఏజెంటును రెరా నంబరు అడగండి. ఆ స్థలం సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి. జవాబు చెప్పలేని ఏజెంటు చేతికి టోకెన్ అడ్వాన్సు ఇవ్వకండి.