మనస్సు తొడుగుకొనే కవచం

ఆడలేక మద్దెల ఓడన్న సామెత, అత్తమీది కోపం దుత్తమీద చూపిందన్న సామెత తెలుగువారిలో తెలియనివారుండరు. పరీక్ష తప్పిన విద్యార్థి ప్రశ్నపత్రాన్ని నిందిస్తాడు. ఇంట తిట్లు తిన్న బాలుడు బడిలో తనకంటె చిన్నవానిని కొడతాడు. ఇవి ఒట్టి అబద్ధాలా? దుర్గుణాలా? లేక వీటివల్ల మనస్సు ఏదో అవసరం తీర్చుకొంటున్నదా? మూర్తిమత్వాన్ని గురించిన సిద్ధాంతాలలో చాలా భాగం ఈ ప్రశ్న చుట్టూ పెరిగినవే.

వియన్నా వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ 1894లో ప్రచురించిన ఒక వ్యాసంలో, భరించరాని తలపులనుండి మనస్సు తన్ను తాను రక్షించుకొంటుందని ప్రతిపాదించినాడు. 1923 నాటికి ఆయన మనస్సును మూడు భాగాలుగా వర్ణించినాడు. కోరికల పుట్ట అచిత్తు. మంచిచెడ్డలు చెప్పి మందలించేది అధ్యహం. ఈ రెంటికీ, బయటి ప్రపంచానికీ నడుమ నలిగేది అహం. కోరికను అణచివేయడంవల్ల ఆందోళన పుడుతుందని మొదట ఆయన భావించినాడు. 1926లో ఆ అభిప్రాయాన్ని తలక్రిందులు చేసినాడు. ముందు పుట్టేది భయం. ఆ భయంవల్లనే అణచివేత. అనగా కవచానికి మూలం భయమే.

ఈ కవచాలను వరుసగా వివరించినది ఆయన కుమార్తె అన్నా ఫ్రాయిడ్. ఆమె మొదట వియన్నాలో పిల్లలకు చదువు చెప్పిన ఉపాధ్యాయిని. 1936లో వెలువడిన ఆమె గ్రంథంలో రక్షక తంత్రాల వివరణ ఉన్నది. బాధాకరమైన తలపును స్పృహలోనికి రానీయకపోవడం దమనం. తనలోని దోషాన్ని ఎదుటివానికి అంటగట్టడం ప్రక్షేపణం. పెద్దపిల్లవాడు కష్టం వచ్చినప్పుడు పసివానివలె ప్రవర్తించడం ప్రతిగమనం. మద్దెలమీద తప్పు మోపడం హేతుకల్పన. ఈ పేరును 1908లోనే ఎర్నెస్ట్ జోన్స్ వాడినాడు. వీటిని మనిషి తెలిసి చేయడు. అబద్ధానికీ రక్షక తంత్రానికీ భేదం ఇదే.

మన దేశంలో ఈ విషయాన్ని తొలిగా పరిశీలించినవారిలో కలకత్తా వైద్యుడు గిరీంద్రశేఖర బోసు ముఖ్యుడు. దమనంపై 1921లో గ్రంథం వెలువరించి, మరుసటి సంవత్సరం భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించినాడు.

ఫ్రాయిడ్ మాటను అందరూ ఒప్పుకోలేదు. మనిషిని నడిపించేది న్యూనతాభావాన్ని జయించాలన్న తపన అని ఆడ్లర్ వాదించినాడు. ఒకడు పిల్లవానిని నీటిలోకి తోసినా, మరొకడు ప్రాణాలకు తెగించి రక్షించినా రెంటికీ ఈ సిద్ధాంతం కారణం చెప్పగలదు గనుక, దానిని పరీక్షించడమెట్లా అని కార్ల్ పాపర్ ఆక్షేపించినాడు. అయినా రక్షక తంత్రాల భావన నిలిచింది. 1938లో హార్వర్డులో ప్రారంభమైన దీర్ఘకాలిక పరిశీలన ఆధారంగా జార్జి వాలియంట్ 1977లో ఒక విషయం చూపినాడు: కవచాలన్నీ ఒకటి కావు. హాస్యం, ఉదాత్తీకరణం వంటివి జీవితానికి తోడ్పడుతాయి. ప్రక్షేపణం వంటివి చిక్కులు తెచ్చిపెడతాయి.

ఈ భయం సంగతినే మరొక దారిలో ఆలోచించినవాడు మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి. 1909లో కుటుంబం అడయారుకు తరలిన తరువాత, మైలాపూరు బడిలో ఆయనను మందమతిగా ఎంచి బెత్తంతో కొట్టేవారని జీవితచరిత్రలు చెబుతున్నవి. మనిషి భద్రతకోసం తన్ను గురించి ఒక ప్రతిమను కల్పించుకొంటాడనీ, దానికి దెబ్బ తగిలినప్పుడే నొచ్చుకొంటాడనీ ఆయన పెద్దయిన తరువాత బోధించినాడు. 1976లో భౌతిక శాస్త్రజ్ఞుడు డేవిడ్ బోమ్, మనోవైద్యుడు డేవిడ్ షైన్‌బర్గ్‌లతో ఇంగ్లండులో జరిపిన సంభాషణలలో ఈ ప్రతిమల విషయం విస్తారంగా చర్చకు వచ్చింది.

అయితే ఆయనకు ఫ్రాయిడ్ పద్ధతి సమ్మతం కాదు. విశ్లేషించేవాడూ విశ్లేషింపబడేదీ ఒక్కటే గనుక, ఏళ్ళ తరబడి గతాన్ని త్రవ్వడంవల్ల మనస్సు విముక్తి పొందదని ఆయన వాదన. భయాన్ని అది పుట్టిన క్షణంలోనే గమనించాలన్నాడు. పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చడం, బహుమతితోనో శిక్షతోనో నడపడం భయాన్ని పెంచుతుందని 1953లో వెలువడిన తన విద్యాగ్రంథంలో వ్రాసినాడు. మదనపల్లె సమీపాన ఉన్న రిషివ్యాలీ పాఠశాల ఆయన ఆలోచనల ఫలమే.

వియన్నా విశ్లేషకులకూ మదనపల్లె తత్త్వవేత్తకూ మార్గాలు వేరు. కాని భయం ఉన్నచోట మనస్సు సత్యాన్ని దాచుకొంటుందన్న సంగతి ఇద్దరి ఆలోచనలలోనూ ఉన్నది. ఉపాధ్యాయునికి ఇది పనికివచ్చే మాట. ప్రశ్నపత్రాన్ని నిందించే విద్యార్థిని పదిమందిలో అబద్ధీకుడని గద్దిస్తే, భయం హెచ్చి కవచం మరింత గట్టిపడుతుంది. "ఏ లెక్క దగ్గర చిక్కుకొన్నావు?" అని ఒంటరిగా అడిగితే కవచంతో పని తగ్గుతుంది. తప్పును ఒప్పుకొన్నా తనకు అవమానం లేదని తెలిసిన పిల్లవాడు మద్దెలను నిందించడు, ఆట నేర్చుకొంటాడు.