ఆటతెర మీది మూడు జంతువులు

ఒకనాడు తరగతిలో నిట్టనిలువుగా విసిరిన వస్తువు గమనాన్ని గురించి పాఠం చెప్పుతుండగా వెనుక బల్లల మీద వాదులాట వినవచ్చినది. సోనిక్ గొప్పా, నకిల్స్ గొప్పా అన్నది వివాదం. ఇవి ఒక వీడియో ఆటలోని జంతువుల పేర్లు. గట్టు మీదినుండి గట్టు మీదికి గెంతుతూ, అగాధాలు దాటుతూ సాగే ఇటువంటి ఆటలకు ప్లాట్‌ఫారం ఆటలని పేరు. 1990 ప్రాంతపు ఆటలే అయినా, 2022లో ‘సోనిక్ ఆరిజిన్స్’ అనే సంపుటంగా మరల వెలువడినందువల్ల మా విద్యార్థులకు ఇవి బాగుగా తెలుసు. కోప్పడి ఊరుకొందామనుకొన్నాను. కాని వారి వాదం నా పాఠానికి ఎంతో దగ్గరగా ఉన్నదని తోచి, సుద్దముక్క వారి చేతికే ఇచ్చినాను.

పాత్రకొక రకపు గెంతు ఇవ్వడం సోనిక్‌తో మొదలైనది కాదు. 1988లో అమెరికాలో వెలువడిన ‘సూపర్ మారియో బ్రదర్స్ 2’లోనే నలుగురు పాత్రలున్నారు. వారిలో ఒకడు మిగిలినవారికంటె ఎత్తుకు గెంతుతాడు, రాకుమారి కొంతసేపు గాలిలో తేలుతుంది. అయితే ఎవరిని ఎన్నుకొన్నా నడవవలసిన నేల ఒక్కటే. సామర్థ్యాన్నిబట్టి దారిని కూడా వేరుచేసి చూపడంలోనే మన మూడు జంతువుల చరిత్రకు విశేషం ఉన్నది.

జపాను దేశపు సెగా సంస్థ సోనిక్ ఆటను 1991 జూన్‌లో విడుదల చేసినది. ప్రోగ్రాము వ్రాసినవాడు యూజీ నాకా, బొమ్మ గీచినవాడు నావోతో ఓషిమా, నేలల పథకం వేసినవాడు హిరోకజు యసుహారా. చెవులతో వస్తువులను పట్టి విసిరే కుందేలును వీరు మొదట ఊహించినారు. వస్తువును పట్టుకొనడానికి ఆగితే పరుగు చెడుతుంది. కావున శరీరమే ఆయుధమయ్యే జంతువు కావలసివచ్చినది. అట్లు ఎన్నికైనది హెడ్జ్‌హాగ్. ఇది మన ఏదుపంది కాదు. ఏదుపంది ఎలుకల వర్గానికి చెందినది, హెడ్జ్‌హాగ్ పురుగులను తిని బ్రతికే చిన్న ప్రాణి. అపాయం వచ్చినప్పుడు మన అలుగువలెనే బంతిగా చుట్టుకుంటుంది. దీని జాతి ఒకటి ఆంధ్ర ప్రదేశ్‌తో సహా దక్షిణ భారతపు మెట్టభూములలో ఉన్నా, చూచినవారు తక్కువ.

బంతిగా చుట్టుకొనడం ప్రకృతిలోనిదే. ఈత రాకపోవడం మాత్రం కల్పన. హెడ్జ్‌హాగ్ ఈదలేదని నాకా అనుకొన్నాడట. నిజానికది చక్కగా ఈదుతుంది. ఆ పొరపాటు ఫలితంగా సోనిక్ నీటిలో మునిగి, గాలిబుడగలు అందకపోతే అర నిమిషంలో ప్రాణం విడుస్తాడు. జంతుశాస్త్రం దృష్టిలో తప్పే అయినా, ఆటకు మేలే చేసినదని నా అభిప్రాయం. అన్నింట వేగం గలవానికి ఒక భయమైనా ఉండవద్దా?

1992 నవంబరులో వచ్చిన రెండవ ఆటలో రెండు తోకల నక్క చేరినది. దాని పేరు మైల్స్ ప్రవర్. గంటకిన్ని మైళ్ళు అనే ఇంగ్లీషు మాట మీద శ్లేష. అందరూ పిలిచేది టెయిల్స్ అని. సోనిక్ వెంట నడిచేటప్పుడు వెనుకబడితే తోకలు త్రిప్పి ఎగిరివచ్చే ఈ నక్కను, మనమే ఎన్నుకొని ఆడిస్తే మాత్రం ఎగరలేదు! ఆ విద్య మన చేతికి అందినది 1994 ఫిబ్రవరిలో, మూడవ ఆటలో. అదైనా 8 సెకండ్లే. తరువాత అలసి దిగిపోతుంది. నీటిలో ఈదుతుంది కూడా.

మూడవది నకిల్స్. ఇది ఎకిడ్నా అనే ఆస్ట్రేలియా ప్రాణి. గ్రుడ్లు పెట్టి పిల్లలకు పాలిచ్చే అరుదైన జంతువులలో ఒకటి, గోళ్ళతో నేలను త్రవ్వడంలో దిట్ట. ఆటలోని నకిల్స్ పిడికిళ్ళతో గోడలను పగులగొడతాడు, గోడల మీదికి ప్రాకుతాడు, చేతులు చాచి గాలిలో జారుతాడు. మూడవ ఆటలో శత్రువుగా కనబడి, 1994 అక్టోబరులో వచ్చిన ‘సోనిక్ అండ్ నకిల్స్’లో మన పాత్ర అయినాడు.

ఇక సుద్దముక్క సంగతి. తెర వెడల్పు 320 బిందువులు, ఎత్తు 224. సెకనుకు 60 మారులు బొమ్మ మారుతుంది. అభిమానులు ప్రోగ్రామును విప్పి చూచి రాబట్టిన అంకెలనుబట్టి, గెంతు మీటను నొక్కి ఉంచితే సోనిక్ బొమ్మకు 6.5 బిందువుల వేగంతో పైకి లేస్తాడు. గురుత్వం బొమ్మబొమ్మకూ 0.21875 చొప్పున ఆ వేగాన్ని తగ్గిస్తుంది. ఈ వింత అంకె ఏమిటని ఒక పిల్ల అడిగినది. యంత్రం ఒక బిందువును 256 భాగాలు చేసి లెక్కిస్తుంది. 256లో 56 భాగాలు అన్నమాట. వేగపు వర్గాన్ని గురుత్వానికి రెట్టింపుతో భాగిస్తే ఎత్తు సుమారు 97 బిందువులు. నకిల్స్ లేచే వేగం 6 మాత్రమే, ఎత్తు 82. వేగంలో లోటు నూటికి 8 అయితే ఎత్తులో లోటు నూటికి 15. వర్గం చేసే పని ఇదే!

నీటిలో సోనిక్ వేగం 3.5కు, గురుత్వం 0.0625కు తగ్గుతాయి. లెక్కవేస్తే ఎత్తు 98, అనగా ఇంచుమించు అదే. మారినది కాలం: నేల మీద ఒక సెకను పట్టే గెంతుకు నీటిలో దాదాపు రెండు సెకండ్లు పడుతుంది. నీటిలో ఆడేటప్పుడు కలిగే మందకొడితనమంతా ఇక్కడినుండి వచ్చినదే.

అయితే నకిల్స్ నష్టపోయినాడా? జారేటప్పుడు బొమ్మకు అర బిందువు మాత్రమే దిగుతూ, ముందుకు 4 బిందువులు మొదలుకొని పోతాడు. పోయినకొద్దీ వేగం పెరుగుతుంది. 82 బిందువుల ఎత్తునుండి ఇట్లు జారితే రెండు తెరల వెడల్పు దాటవచ్చు. ఇంత నైపుణ్యం నిజమైన ఎగిరే ఉడుతకు కూడా లేదు. ఇక తెరంత ఎత్తు గోడను నాలుగు సెకండ్లలోపల ఎక్కుతాడు.

ఇంత గాలివిద్య ఒకరికి ఇచ్చిన పిమ్మట సోనిక్‌కు మిగిలేదేమి? అందుకు నిర్మాతలు అగ్ని, జలం, విద్యుత్తు అనే మూడు కవచాలు కల్పించినారు. ఎవరు తొడిగినా రక్షణ కలుగుతుంది. అగ్నితో గాలిలో దూసుకుపోవడం, జలంతో బంతివలె ఎగిరిపడడం, విద్యుత్తుతో గాలిలో రెండవసారి గెంతడం మాత్రం సోనిక్‌కే సాధ్యం. నేలలను కూడా అట్లే పంచినారు. నకిల్స్ పగులగొట్టే కొన్ని గోడల వెనుక అతనికే పరిమితమైన దారులున్నవి. ఎవరి సామర్థ్యమెంతో తెలియాలంటే పాత్రను ఒక్కదానినే చూస్తే చాలదు, నేలను కూడా చూడాలని నేను పిల్లలకు చెప్పినాను.

దీనికి సాక్ష్యం అనుకోని విధంగా దొరుకుతుంది. మూడవ ఆట, ‘సోనిక్ అండ్ నకిల్స్’ మొదట ఒక్క ఆటగానే తలపెట్టినవి. గడువు ముంచుకొచ్చి రెండు ముక్కలయినవి. వాటిని కలుపడానికి రెండవ ముక్క కార్ట్రిడ్జి నెత్తిన ఒక గాడి పెట్టినారు. ఆ గాడిలో 1992 నాటి రెండవ ఆటను గ్రుచ్చినా నకిల్స్ అందులో ప్రవేశిస్తాడు. ఆ నేలలు గీచిననాడు అతడు పుట్టనే లేదు. సోనిక్‌కు అందని గోడల మీదికి హాయిగా ప్రాకిపోతాడు. కాని చివరి పోరులో ఎదురయ్యే రాక్షసయంత్రాన్ని సోనిక్ గెంతుకు సరిపోయేటట్లు గీచినారు. అక్కడ దెబ్బ కాచే ఉంగరం ఒక్కటీ దొరకదు. ఎక్కడానికి గోడలు లేవు, జారడానికి చోటు లేదు. ఆ 15 బిందువుల లోటు అక్కడ తెలిసివస్తుంది. నెల రోజులు ఆ ఘట్టం దాటలేకపోయినానని మా వెనుక బల్లవారిలో ఒకడు ఒప్పుకొన్నాడు. వాడు నకిల్స్ పక్షంవాడే.