మంచును కరగించి కడిగిన బొమ్మ

పాత ఛాయాచిత్రముల ముచ్చటలు చదువుచుండగా నొకనాడు నాకంటబడిన వింత యిది: 1861వ సంవత్సరము జూలై మాసమున, ఆల్ప్స్ పర్వతములలో నెల్ల నున్నతమైన మౌంట్ బ్లాంక్ శిఖరముపై, ఇంచుమించు 4,800 మీటర్ల యెత్తున, ఒగుస్త్ రొసాలీ బిస్సోన్ అను ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు దీపముల సెగపై మంచు కరగించి, ఆ నీటితో తన గాజుపలకలను కడుగుకొనెనట! చుట్టును కనుచూపు మేర ఘనీభవించిన జలమే. కరవైనది మాత్రము చెంబెడు నీళ్లు.

నాటి పద్ధతి తెలిసినగాని యీ యవస్థ బోధపడదు. పలకపై కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేటు ద్రావణమున ముంచి, ఆ తడి యారకముందే కెమెరాలో నమర్చి బొమ్మ తీసి, వెనువెంటనే చీకటి గుడారములో దూరి తక్కిన ప్రక్రియ ముగింపవలెను. పది పదిహేను నిమిషములు జాగైనచో పడిన పాటంతయు మంచుపాలే. కావున ఛాయాగ్రాహకుడు కొండ యెక్కవలెనన్న, అతని ప్రయోగశాలయు వెంట నెక్కవలసినదే. కెమెరాను, పలకలను, సీసాలను, గుడారమును వీపుల కెత్తుకొని యిరువదియైదుగురు కూలీలు మంచులో దారిచేసికొని నడచిరి. ఇంత సంరంభమునకు దక్కినవి మూడే మూడు నెగటివులు!

ఆ శిఖరమును 1786లో బల్మా, పకార్ అనువారు తొలుత నెక్కిరి. 1851లో దాని నెక్కివచ్చిన ఆల్బర్ట్ స్మిత్, మరుసటి యేట మొదలుకొని లండనులో చిత్రపటములు చూపుచు ఆ యాత్రను వేడుకగా వినిపింపగా, జనము విరుగబడి చూచిరి. అయితే కుంచెతో దిద్దిన కొండ యెప్పుడును దూరపు కొండయే, నునుపే. హిమానీనదముల నోరు తెరచిన పగుళ్లను, వాని యంచున చీమలబారువలె నిలిచిన మనుష్యులను దాపరికము లేక చూపినది ఛాయాచిత్రము. చూచినవారు భయపడి యింట కూర్చుండలేదు సరికదా, 1863లో యాత్రల నిర్వాహకుడు థామస్ కుక్ స్విట్జర్లాండునకు యాత్రికులను వెంటబెట్టుకొని పోయెను. ఆ యేటనే సామ్యూల్ బోర్న్ అను ఛాయాగ్రాహకుడు సిమ్లా నుండి హిమాలయములలోనికి కెమెరా మోయించెను. 1866లో 18,600 అడుగుల యెత్తున నున్న మణిరంగ్ కనుమను చిత్రించెను.

1871లో పొడి పలక, 1888లో కోడక్ పెట్టె కెమెరా వచ్చి బరువును దింపినవి. బరువుతోపాటు, మూడు పలకలే యున్నప్పుడు దేనిని చూడవలెనని నిలిచి యోచించు నలవాటును దింపివేసినవని నా బాధ.

బిస్సోన్, అతని సోదరుడు కలిసి వెలువరించిన చిత్రములపై వారి పేరు ఎఱ్ఱని ముద్రగా నిలిచియున్నది. మోసినవారి పేర్లు ఆ చిత్రముల యట్టలపై నెచ్చటను లేవు. ఆ సోదరులు చిత్రించిన 'మంచుసముద్రము' మేర్ ద గ్లాస్ హిమానీనదము సైతము 1850 నుండి రెండు కిలోమీటర్లకు పైగా వెనుకకు తగ్గినది.