ఆడియో మిక్సర్ (ప్రత్యక్ష ఎలక్ట్రానిక్ సంగీతం)

ఆడియో మిక్సర్ కీబోర్డు, రిథమ్ ప్యాడ్, ల్యాప్‌టాప్, మైకుల సిగ్నళ్లను విడివిడిగా సరిదిద్ది, కలిపి యాంప్లిఫయర్‌కు పంపే పరికరం. నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో దీని వాడకం ఎక్కువగా పెళ్లి బరాత్‌లు, ఆర్కెస్ట్రాలు, బోనాలు, వినాయక నిమజ్జన ఊరేగింపుల్లో కనిపిస్తుంది. రోలాండ్ సంస్థ 1985లో విడుదల చేసిన ఆక్టాప్యాడ్ తరహా ప్యాడ్లు ఆర్కెస్ట్రాల్లోకి వచ్చాక డోలక్, తబలా ధ్వనులు కూడా మైకు లేకుండా తీగ ద్వారానే మిక్సర్‌కు చేరసాగాయి.

ఎంపికలో కీలకం స్టీరియో లైన్ ఇన్‌పుట్ల సంఖ్య. కీబోర్డు, ప్యాడ్, ల్యాప్‌టాప్ ఒక్కోటీ ఎడమ, కుడి సిగ్నళ్లు ఇస్తాయి గనుక ఈ మూడింటికే 6 ఇన్‌పుట్లు పడతాయి. మైకుల విషయంలో పెట్టె మీద రాసిన చానళ్ల సంఖ్య తప్పుదోవ పట్టించవచ్చు: 12 చానళ్లవిగా అమ్మే కొన్నింటిలో మైకు ప్రీయాంపులు 4 మాత్రమే. వృత్తి పరికరాల లైన్ స్థాయి +4 డీబీయూ, గృహ పరికరాలది −10 డీబీవీ. ఆ తేడాను చానల్ గెయిన్‌తో సర్దుతారు. కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అవసరం. ల్యాప్‌టాప్ చార్జర్, జనరేటర్ ఎర్తింగ్ లోపాల వల్ల పుట్టే హమ్మును ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) బాక్సు తగ్గిస్తుంది.

మిక్సర్‌తో నడిపే కార్యక్రమాల శబ్దానికీ హద్దు ఉంది: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్.